ఏడాది తర్వాత కాలు ఉందా?

పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో కాళ్లను కాపాడుకునే ఉద్యమం: ఆవిర్భావ ప్రణాళిక

పొద్దున ఆరింటికి ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి, పాశమైలారం వైపు నడిచి వెళ్లే మనుషుల్ని చూడండి. షిఫ్టు టైమవుతున్నా నడుమ ఆగిపోయేవాళ్లు కనిపిస్తారు. ఒకాయన బీడీ ముట్టించుకునే నెపంతో ఆగుతాడు. ఇంకొకాయన ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడతాడు. రెండు నిమిషాలాగి మళ్లీ కదులుతారు. మూడు కరెంటు స్తంభాలు దాటగానే మళ్లీ ఆగుతారు. మా అన్న కూడా అట్లాగే ఆగేవాడు. "ఏమైందన్నా?" అంటే "పిక్కలు గుంజుతున్నయిరా, జర నిలబడితే పోతది" అనేవాడు. నిలబడితే పోయే నొప్పిని రోగమని ఎవరనుకుంటారు? మేమూ అనుకోలేదు. ఆ ఆగడమే రోగానికి మొదటి గుర్తని మాకు రెండేళ్లకు తెలిసింది. అప్పటికి ఆయన కుడి కాలు మోకాలి కింద నుంచి లేదు.

ఈ ప్రణాళిక ఆ కాలి దగ్గర మొదలైంది. కానీ ఇది ఒక్క ఇంటి ఏడుపు కాదు. రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం నుంచి పాశమైలారం దాకా, రోజుకు ఎనిమిది పన్నెండు గంటలు నిలబడి పనిచేసే ప్రతి మనిషి కాళ్ల గురించి ఇది.

నడిస్తే పట్టేసి, నిలబడితే వదిలేసే పిక్కనొప్పి చాలాసార్లు ఒకటే చెబుతుంది: కాలికి రక్తం తీసుకెళ్లే ధమని పూడుకుపోతోంది. గుండెకు వెళ్లే నాళం పూడుకుంటే దానికి గుండెపోటని పేరుంది, భయముంది, 108 బండి ఉంది. కాలిలో అదే జరిగితే వాతమంటారు, నరాల బలహీనతంటారు, వయసైపోయిందంటారు. మెడికల్ షాపులో ఒక మలాం, ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది. మొదట నడకలో నొప్పి. తర్వాత రాత్రి పడుకున్నప్పుడు పాదంలో మంట, మంచం మీది నుంచి కాలు కిందికి వేలాడేస్తేనే కాస్త నెమ్మది. ఆ తర్వాత వేలి మీద మానని పుండు. చివరికి నలుపు. పుండు దాకా వచ్చిన కాలికి రక్తం దారి తెరవకుండా వదిలేస్తే, ఏడాది తిరిగేలోపు సుమారు నాలుగోవంతు మందికి కాలు తీసేయాల్సి వస్తుంది. దాదాపు అంతే మంది ప్రాణమే పోగొట్టుకుంటారు, ఎక్కువగా గుండెపోటుతోనో పక్షవాతంతోనో. కాలి ధమని పూడిన మనిషికి గుండెలో, మెదడులో ఉన్న నాళాలు మాత్రం శుభ్రంగా ఎందుకుంటాయి?

మన దగ్గర దీనికి కావలసిన సరంజామా అంతా ఉంది. నైట్ షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి బీడీ, పొద్దంతా బుగ్గన గుట్కా. ధమనుల్ని పాడుచేయడంలో పొగాకును మించినది లేదు. చిన్న వయసులోనే చేతుల, కాళ్ల వేళ్లను నల్లబరిచే బర్జర్ వ్యాధి దాదాపుగా పొగాకు వాడేవాళ్లకే వస్తుంది, పొగాకు మానితే తప్ప ఏ మందూ దాన్ని ఆపలేదు. దానికి తోడు షుగరు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటే. షుగరు ధమనిని పూడ్చడంతో ఆగదు, పాదానికి స్పర్శ కూడా తీసేస్తుంది. ఒకరోజు మా అన్న సేఫ్టీ షూ విప్పి నేను దులిపితే చిన్న ఇనుప వాషరు రాలింది. అది లోపల ఎప్పుడు పడ్డదో ఆయనకు తెలియదు. బొటనవేలి పక్కన మేజోడు తడిగా అంటుకుపోయి ఉంది. నీళ్లు పోసి మెల్లగా ఊడదీస్తే అర్ధరూపాయి బిళ్లంత పుండు, అంచులు తెల్లగా, నడుమ బూడిద రంగు. "నొప్పి లేదురా" అన్నాడు. నొప్పి లేదని సంతోషపడ్డాం. అంతకన్నా పెద్ద తప్పు మేం చేయలేదు.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగినప్పుడు దేశమంతా మన వైపు చూసింది. పదుల మంది చనిపోయారు. మంత్రులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి, రావలసిందే. కానీ శబ్దం లేకుండా ఊడిపోయే కాళ్ల కోసం ఎవరూ రారు. ఫ్యాక్టరీ ప్రమాదాల రిజిస్టరులో అవి ఎక్కవు. కాలు పోయినవాడు ఊరికి వెళ్లిపోతాడు, ఒడిశాకో బిహార్‌కో నారాయణఖేడ్‌కో. వాడి స్థానంలో కాంట్రాక్టరు ఇంకో జత కాళ్లను నిలబెడతాడు.

ఇక వైద్యం సంగతి. ఈ ప్రణాళికకు గుండెకాయ ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవమని మనవి.

1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో 82 ఏళ్ల ముసలావిడ కాలి వేళ్లు కుళ్లిపోయి ఆసుపత్రికి వచ్చింది. కాలు తీసేయాలన్నారు డాక్టర్లు. ఆమె ససేమిరా అంది. చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టరు తొడ ధమనిలోకి సన్నని గొట్టాలు ఒకదాని మీద ఒకటి పంపి ఆ ఇరుకును వెడల్పు చేశాడు. కోత లేదు, కుట్టు లేదు. పాదం వెచ్చబడింది, పుండు మానింది. ఆ అవ్వ చనిపోయేదాకా తన కాళ్ల మీదే నడిచింది. పదేళ్లకు, 1974లో, జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ ఆ గొట్టాల స్థానంలో బెలూన్ పెట్టాడు. ఆ బెలూన్ కూడా ముందు వేసింది కాలికే. గుండెకు వేసింది 1977లో. గుండెను కాపాడుతున్న విద్య కాలి దగ్గరే పుట్టింది. ఇవాళ గుండె స్టెంటు అంటే మన ఊళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. కాలికి కూడా అదే వైద్యం ఉందని మనలో చాలామందిమి కాలు తీసేసిన తర్వాతే తెలుసుకుంటున్నాం.

అందుకే మా మొదటి మాట: ధమని పరీక్ష చేయకుండా ఏ కాలూ తీయకూడదు. ప్రాణం మీదికి వచ్చి కుళ్లు పైకి పాకుతున్నప్పుడు వేరు. మిగతా ప్రతి కేసులోనూ కనీసం డాప్లర్ (ధ్వని తరంగాలతో రక్తం పారుదల చూసే పరీక్ష) చేసి, అవసరమైతే యాంజియోగ్రామ్ తీసి, బెలూన్‌తోనో బైపాస్‌తోనో (పూడిక దాటేలా పక్కదారి కుట్టే ఆపరేషన్) దారి తెరుచుకుంటుందేమో రక్తనాళాల డాక్టరు చూసి చెప్పాలి. ఆ మాట కాగితం మీద ఉండాలి.

రెండో మాట మొదటిదానికన్నా కష్టమైనది. బెలూన్ వేయించుకున్నంత మాత్రాన కాలు దక్కినట్టు కాదు.

మా అన్నకు బెలూన్ వేశారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. అర ఎకరం అమ్మి డబ్బు కట్టాం. డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి తెర మీద చూపించాడు: ముందు బొమ్మలో మోకాలి కింద నల్లగీత తెగిపోయి ఉంది, తర్వాతి బొమ్మలో పాదం దాకా నిండుగా సాగింది. ఆ గీత చూసి వదిన దండం పెట్టింది. డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్ విజయవంతమని రాశారు. డాక్టరు అబద్ధం రాయలేదు, ఆ రోజు ఆ ధమని తెరుచుకుంది. మోకాలి కింది సన్న నాళాలు బెలూన్ వేసిన కొన్ని నెలల్లోనే తరచుగా మళ్లీ ఇరుకవుతాయని మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. ఆ కొద్ది నెలల్లో పుండు మానేలా చూసుకోవాలని, మానిన చర్మానికి తక్కువ రక్తం సరిపోతుందని, మానని పుండుకు చాలా ఎక్కువ కావాలని చెప్పలేదు. మూడో నెలలో మళ్లీ డాప్లర్ చేయించమనలేదు. బీడీ మానకపోతే ఈ ఖర్చంతా నీళ్లలో పోసినట్టేనని కూర్చోబెట్టి చెప్పలేదు. నైట్ షిఫ్టుకు మళ్లీ అదే షూ వేసుకుని పోయాడు. అయిదో నెలలో బొటనవేలు నల్లబడ్డది, ఆరో నెలలో కాలు పోయింది. ఆ ఆసుపత్రి లెక్కల్లో మా అన్న కాలు ఇప్పటికీ విజయమే. ఫోన్ చేసి "ఎట్లున్నవ్" అని అడిగినవాళ్లు లేరు.

కనుక మేం అడిగే లెక్క వేరు. తెర మీది గీత మాకు చాలదు. ఆరు నెలలకు పుండు మానిందా? ఏడాదికి కాలు ఉందా? మనిషి ఉన్నాడా? నడిచి పనికి పోతున్నాడా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబే ఫలితం.

ప్రపంచంలో పెద్ద పరిశోధనలు కూడా ఈ లెక్కే వేస్తున్నాయి. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్‌ఐ అధ్యయనంలో కాలు పోయే ప్రమాదమున్న 1,830 మందిని పరిశీలించారు. తొడ లోపలి సిర బాగున్నవాళ్లలో, ఆ సిరతో బైపాస్ చేసిన వారిలో 42.6 శాతం మందికి కాలి విషయంలో పెద్ద నష్టమో మరణమో ఎదురైతే, బెలూన్, స్టెంట్ల వైద్యం పొందినవారిలో అది 57.4 శాతం. అంటే మంచి సిర ఉన్నచోట కోతే మేలు చేసింది. సిర బాగాలేనివారిలో రెండింటికీ పెద్ద తేడా రాలేదు. మరుసటి ఏడు, 2023లో, బ్రిటన్ కేంద్రంగా సాగిన బాసిల్-2 ఇంకోలా చెప్పింది. మోకాలి కింద పూడికలున్న 345 మందిలో బైపాస్ చేసినవారిలో 63 శాతం, బెలూన్ వేసినవారిలో 53 శాతం మంది కాలో ప్రాణమో కోల్పోయారు. ఇక్కడ బెలూన్‌దే పైచేయి. రెండూ నిజాయితీగల పరిశోధనలే. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే మాకు అర్థమైంది ఇది: ఎవరికి ఏది మంచిదో ఆ మనిషి సిర, పూడిక ఉన్న చోటు, గుండె, కిడ్నీ, పుండు చూసి తేల్చాలి. బెలూన్ మాత్రమే తెలిసిన చోట అందరికీ బెలూన్, కోత మాత్రమే తెలిసిన చోట అందరికీ కోత చేస్తే అది వైద్యం కాదు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అంత జాగ్రత్తగా, అంత పెద్ద ఆసుపత్రుల్లో చేసినా సుమారు సగం మంది నష్టపోయారు. ఈ జబ్బు అంత చెడ్డది. పుండు పడ్డాక వచ్చినవాడికి ఎవరూ హామీ ఇవ్వలేరు. నడకలో ఆగినప్పుడే వచ్చినవాడికి దారులు ఎన్నో ఉన్నాయి.

పొత్తికడుపు దగ్గర, తుంటి దగ్గర ఉండే పెద్ద ధమనుల్లో వేసిన స్టెంట్లు ఎక్కువ భాగం అయిదేళ్లకు కూడా తెరిచే ఉంటాయి. తొడలో అంతకన్నా తక్కువ. మోకాలి కింద ఇంకా తక్కువ. ఈ తేడా రోగికి ముందే చెప్పాలి.

నడకలో నొప్పి మాత్రమే ఉన్నవారికి బెలూన్ మొదటి వైద్యం కాదని కూడా ఈ ఉద్యమం గట్టిగా చెబుతుంది. వారానికి మూడుసార్లు, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడిచే అభ్యాసం మూడు నెలలు పద్ధతిగా చేస్తే నడిచే దూరం బాగా పెరుగుతుంది. 2012లో వచ్చిన క్లెవర్ అధ్యయనంలో, తుంటి ధమనుల పూడిక ఉన్నవారికి ఆరు నెలల దగ్గర స్టెంటు కన్నా ఇలాంటి పర్యవేక్షణలో నడకే ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు నడిపించింది. దాంతోపాటు ఆస్పిరిన్ లాంటి మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, షుగరు అదుపు, పొగాకు మానడం. వీటికి లక్షలు అక్కర్లేదు. 2023లో అమెరికాలో పత్రికలు బయటపెట్టాయి: కాలి నాళాలు తెరిచే ప్రక్రియలు అవసరం లేకుండా మళ్లీ మళ్లీ చేసి కొందరి కాళ్లనే పోగొట్టారని. ఆ రోగం మన దగ్గరికి రాకముందే అడ్డుకట్ట వేయాలి.

మేం ఎవరిని ఏం అడుగుతున్నాం?

ఈఎస్‌ఐని అడుగుతున్నాం. నెలకు 21,000 రూపాయల లోపు సంపాదించే మన జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ఆ ఖాతాకు పోతోంది. ఆ డబ్బు మనది. రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రిలోనూ ప్రతి డిస్పెన్సరీలోనూ చేతిలో పట్టే చిన్న డాప్లర్ ఉండాలి. చీలమండ దగ్గర బీపీ తీసి చేతి బీపీతో పోల్చే పరీక్షకు పది పదిహేను నిమిషాలు చాలు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తగ్గితే ధమని పూడుతున్నట్టు. షుగరు పాతదైతే నాళాలు గట్టిపడి అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి వాళ్లకు వేలి దగ్గర కూడా కొలవాలి. కాలికి వైద్యం జరుగుతున్న మనిషికి సిక్‌నెస్ బెనిఫిట్ కింద రావలసిన 70 శాతం జీతం, 91 రోజుల దాకా, తిప్పకుండా ఇవ్వాలి. ఆకలితో ఉన్నవాడు పుండు మానకముందే షూ వేసుకుంటాడు.

ఆరోగ్యశ్రీని అడుగుతున్నాం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షల పరిమితికి పెరిగిన పథకం ఇది. డబ్బు ఇచ్చేవాడికి ఫలితం అడిగే హక్కుంది. ప్రభుత్వ సొమ్ముతో కాలికి బెలూన్ గానీ స్టెంటు గానీ బైపాస్ గానీ చేసిన ప్రతి ఆసుపత్రి మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాదికి ఆ రోగి సంగతి రాసి పంపాలి. పేర్లు దాచి, ఆసుపత్రివారీగా ఆ అంకెల్ని ప్రజల ముందు పెట్టాలి. ఫలానా చోట వంద కాళ్లు తెరిస్తే ఏడాదికి ఎన్ని మిగిలాయో తెలుసుకునే హక్కు అర ఎకరం అమ్ముకునే మనిషికి ఉంది.

కేంద్రాన్ని అడుగుతున్నాం. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టారు. లక్ష దాటే స్టెంటు ముప్పై వేల లోపుకు దిగింది. ఆ ఉత్తర్వు గుండెకే ఆగిపోయింది. కాలి బెలూన్లకూ స్టెంట్లకూ అదే పద్ధతిలో ధర కట్టాలి.

ఫ్యాక్టరీలను అడుగుతున్నాం. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ నుంచే, ప్రమాదకర పరిశ్రమల్లో కార్మికులకు ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలన్న నియమం ఉంది. ఊపిరితిత్తులు, రక్తం, కళ్లు చూస్తున్న చోట మేజోళ్లు కూడా విప్పించండి. పాదం చూడండి. షుగరున్నవాడికి పాదం కొలతకు సరిపోయే సేఫ్టీ షూ ఇవ్వండి. కాంట్రాక్టు కార్మికుడికీ ఇవ్వండి.

2022లో మొదలైన సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలనూ, పంజాగుట్ట నిమ్స్‌నూ కలిపి అడుగుతున్నాం. వారానికొక రోజు సంగారెడ్డిలో రక్తనాళాల ఓపీ నడపండి. యాభై కిలోమీటర్లు బస్సు మారి మారి వెళ్లలేక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. కాలు ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబడి, విపరీతంగా నొప్పి వస్తే చేతిలో ఉండేది ఆరు గంటలే. ఆ ఆరు గంటల్లో ఎక్కడికి పోవాలో 108 డ్రైవరుకు ముందే తెలిసి ఉండాలి.

నీళ్ల గురించి కూడా ఒక మాట. తైవాన్ నైరుతి తీరంలో ఆర్సెనిక్ కలిసిన లోతు బావుల నీళ్లు తాగిన ఊళ్లలో జనం పాదాలు నల్లబడి ఊడిపోయాయి. ఆ జబ్బుకు నల్లపాదం అనే పేరే స్థిరపడింది. పటాన్‌చెరు నీళ్లలో, మట్టిలో ఆర్సెనిక్ ఉందని శాస్త్రవేత్తలు ప్రచురించి ఇరవై ఏళ్లు దాటింది. నక్కవాగు వెంట ఉన్న ఊళ్లలో కాళ్ల ధమనుల పరీక్ష ప్రభుత్వం చేయించాలి.

మన ఈ నేలకు ఇలాంటి పోరాటం కొత్త కాదు. పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల జబ్బుల్లో ఫ్యాక్టరీల విషాన్ని చూశారు. చూసి చీటీ రాసి ఊరుకోలేదు, జనాన్ని కూడగట్టారు. కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా నడిచి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు. ఒక డాక్టరు తన రోగుల్ని లెక్కపెట్టడం దగ్గరే ఆ పోరాటానికి బలం వచ్చింది. మేమూ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

ఈ ఉద్యమానికి ఇంకా పేరు పెట్టుకోలేదు. పేరు అందరం కూర్చుని పెడదాం. పని మాత్రం మొదలైంది. డ్యూటీలో లేని రోజుల్లో ఒక నర్సమ్మ మాకు నాడి చూడటం నేర్పుతోంది. బొటనవేలు, పక్క వేలు కలిసే చోటి నుంచి పాదం మీదుగా పైకి వస్తే నడుమ ఎముకల పక్కన ఒక నాడి. చీలమండ లోపలి ఎముక వెనక సందులో ఇంకొకటి. రెండు వేళ్లు మెల్లగా ఆనించాలి, నొక్కితే పోతుంది. ఊపిరి బిగబట్టి వెతికినప్పుడు వేలి కింద ఆ టక్ టక్ తగిలితే కలిగే ధైర్యం అంతా ఇంతా కాదు. అది తగలకపోతే ఆ మనిషిని డాప్లర్‌కు పంపుతాం. గేట్ల దగ్గర, లేబర్ అడ్డాల మీద, ఒడియా, హిందీ మాట్లాడే తమ్ముళ్ల గదుల్లో ఇదే చేస్తాం. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోం. ఏ ఆసుపత్రికీ రోగుల్ని చేరవేయం, ఏ కంపెనీ డబ్బూ ముట్టం. వైద్యం చేసే డాక్టర్లతో మాకు వైరం లేదు, వాళ్లు మాతో కలిసి లెక్క రాయాలి. ఆశా అక్కలు ముప్పై దాటినవాళ్లను బీపీ, షుగరు పరీక్షలకు గుర్తిస్తున్నారు కదా, పాదం నాడి కూడా చూసేలా వాళ్లకు నేర్పించమని జిల్లా వైద్యాధికారిని కలుస్తాం.

రెండు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొన్నాం. గళ్లు గీసుకున్నాం: వయసు, పని, పొగాకు, షుగరు, ఏ కాలు, ఏం చేశారు, మూడో నెల, ఆరో నెల, ఏడాది. మొదటి వరుసలో మా అన్న వివరాలు రాశాం. వయసు 47. కుడి కాలు. మోకాలి కింద బెలూన్. మూడో నెల: చూడలేదు. ఆరో నెల: కాలు తీసేశారు. ఏడాది గడిలో "ఎడమ కాలు ఉంది, నాడి తగులుతోంది, బీడీ మానేశాడు" అని రాశాం. రెండో వరుస ఖాళీగా ఉంది. మీ ఇంట్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయే మనిషి ఉంటే, వేలి మీద మానని పుండు ఉంటే, బెలూన్ వేయించుకుని వచ్చి ఇంట్లో కూర్చున్నవారుంటే, వెంటబెట్టుకుని రండి. చెప్పులు విప్పించి పాదం చూస్తాం, వివరాలు రాస్తాం, ఏడాది దాకా వెంట ఉంటాం.